ట్యాపు విరిగితే ఎవరికి చెబుతారు?

మీ ఇంట్లో కాకపోయినా మీ వీధిలోనైనా ఐటీఐ చదివిన కుర్రాడొకడు ఉండే ఉంటాడు. ఫిట్టరో, టర్నరో, మెషినిస్టో. చదువయ్యాక బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాకలోనో కొన్నేళ్లు ఒకరి దగ్గర పనిచేస్తాడు. చెయ్యి తిరుగుతుంది. కస్టమర్లు అతని పేరు చెప్పి మరీ పని ఇవ్వడం మొదలుపెడతారు. ఇంతలో ఎక్కడో ఒక పాత లేత్ మిషన్ బేరానికొస్తుంది. మామగారు కొంత సర్దుతారు, బ్యాంకు కొంత ఇస్తుంది, ఊరి చివర అద్దెకో రేకుల షెడ్డు దొరుకుతుంది. కొబ్బరికాయ కొట్టి బోర్డు కడతారు. నిన్నటిదాకా పనివాడు, ఇవాళ్టి నుంచి ఓనరు.

ఇవాళ్టి కబుర్లు ఆ కుర్రాడి గురించే. డబ్బు సంగతి చెప్పేవాళ్లు అతనికి దొరుకుతారు. తయారీ యూనిట్లయితే 50 లక్షల రూపాయల ప్రాజెక్టు దాకా సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ ఉంది. తాకట్టు పెట్టలేనివాళ్ల అప్పుకి బ్యాంకు దగ్గర హామీగా నిలబడే ట్రస్టు 2000 నుంచీ ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలో, జీఎస్టీ ఎలా కట్టాలో ఆడిటరు చెబుతాడు. షెడ్డులో తనతోపాటు ఇంకో ఆరుగురుంటే వాళ్లతో ఎలా మెలగాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాయకత్వం అనగానే మనకు మైకులూ పూలదండలూ గుర్తొస్తాయి. ఆరుగురు మనుషులు, మూడు మిషన్లు, ఒక డెలివరీ గడువు మధ్య నడిచే నాయకత్వం గురించి మాట్లాడుకునే అలవాటు మనకి లేదు. నా లెక్కన షెడ్డు నిలబడ్డా మూతపడ్డా దానికి సగం కారణం అక్కడే ఉంటుంది.

ముందు ఐటీఐ ఏం నేర్పుతుందో చూద్దాం. దేశంలో ఈ చేతిపనుల శిక్షణ పథకం 1950లో మొదలైంది. వెల్డర్‌కి ఏడాది, ఫిట్టర్‌కీ టర్నర్‌కీ రెండేళ్లు. ఫిట్టర్ పిల్లల్ని ఎప్పుడైనా చూశారా? మొదటి వారాల్లో వాళ్ల చేతికొక ఇనప ముక్కా ఒక ఆకురాయీ ఇస్తారు. ముక్కని వైస్‌లో బిగించి రాస్తూ ఉండాలి. రాసి, ట్రై స్క్వేర్ ఆనించి, వెలుతురుకెత్తి చూడాలి. మూలమట్టానికీ ముక్కకీ మధ్య సన్నటి వెలుగుగీత కనబడితే పని కాలేదని అర్థం. మళ్లీ రాయాలి. భుజాలు లాగేస్తాయి, అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఆ గీత మాయమయ్యేదాకా ఇన్‌స్ట్రక్టర్ వదలడు. ఇది గొప్ప చదువని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. తప్పుని తన కంటితో చూసి తన చేత్తో దిద్దుకోవడం ఇంత నిక్కచ్చిగా నేర్పే బడులు తక్కువ.

అయితే ఆ చదువంతా తన చెయ్యి, తన ముక్క. పక్కవాడి చేత ఆ గీతని మాయం చేయించడం ఎలా? అది సిలబస్‌లో లేదు. ఓనరైన రోజు నుంచి కుర్రాడి బతుకంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

దీనికి మన గడ్డ మీదే జరిగిన ఒక కథ ఉంది. చాలామందికి తెలియదు, చెబుతాను. 1964లో హార్వర్డ్ నుంచి డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చి, కాకినాడ వ్యాపారుల్ని కొందరిని హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి రప్పించాడు. అప్పట్లో దాని పేరు సియెట్. ఇప్పుడు ని-ఎంఎస్ఎంఈ పేరుతో యూసుఫ్‌గూడలో ఉంది. ఆయనకొక పట్టుదల. ఏదో ఒకటి సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చేది మాత్రమే కాదు, పెద్దయ్యాక కూడా శిక్షణతో పెంచవచ్చు అని. బొమ్మలు చూపించి కథలు రాయించాడు. గుంజకి రింగులు విసిరే ఆట ఆడించాడు. మరీ దగ్గర నిలబడి వేసేవాడెవరు, మరీ దూరం నుంచి గుడ్డిగా విసిరేవాడెవరు, కష్టమైనా అందేంత దూరం చూసుకుని నిలబడేవాడెవరు అని వాళ్ల చేతనే గమనింపజేశాడు. వాళ్లు కాకినాడ తిరిగి వెళ్లాక ఏం చేశారో కనిపెట్టి, డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో పుస్తకం వేశాడు. శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్లకన్నా చురుగ్గా వ్యాపారం పెంచుకున్నారనీ, కులం గానీ పాత ఆచారాలు గానీ దానికి అడ్డు రాలేదనీ తేల్చాడు. కాకినాడ ప్రయోగం అన్న పేరుతో వ్యాపార శిక్షణ పుస్తకాల్లో అది నేటికీ ఉంది.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. మన కుర్రాడికి పనికొచ్చే ముక్క ఆ తర్వాతది. అదే మెక్‌క్లెలాండ్ 1976లో బర్న్‌హామ్ అనే సహచరుడితో కలిసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఇంకో మాట రాశాడు. సాధించాలన్న తపన బలంగా ఉన్నవాడు వ్యాపారం మొదలెట్టడానికి భేషుగ్గా సరిపోతాడు. కానీ పదిమందిని నడిపించే దగ్గర ఆ తపనే అతన్ని ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అతనికి ప్రతి పనీ తన చేత్తో తనే బాగా చెయ్యాలని ఉంటుంది. నడిపించేవాడికి కావలసింది ఇతరుల మీద ప్రభావం చూపాలన్న కోరిక, అదీ తన గొప్ప కోసం కాకుండా సంస్థ కోసం. కాకినాడలో ఏ గుణాన్ని పెంచాలని తపించాడో ఆ గుణానికి హద్దెక్కడో ఆయనే చెప్పాడన్నమాట. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది ఆ వ్యాసం వల్లే.

ఇప్పుడు షెడ్డులోకి రండి.

ఒక స్టీలు బ్లాకుకి పని జరుగుతోంది. మిల్లింగ్ అయింది, ఆరు కన్నాలు వేశారు, ఇక మిగిలింది కన్నాల లోపల మరచుట్లు కోసే ఎం6 ట్యాపింగ్ ఒక్కటే. హెల్పర్ స్థాయి నుంచి ఈ మధ్యనే పైకొచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు ట్యాపు తిప్పుతున్నాడు. నాలుగు కన్నాలు బాగానే దిగాయి. అయిదో దాంట్లో టప్పుమని చిన్న చప్పుడు. ట్యాపు లోపలే విరిగింది. అంతదాకా ఆ ముక్క మీద పడ్డ శ్రమ, కరెంటు, మిషన్ గంటలు అన్నీ ఆ కన్నంలో ఇరుక్కున్నాయి.

ఆ కుర్రాడు అటూ ఇటూ చూస్తాడు. సరిగ్గా ఆ క్షణంలోనే ఓనరు నాయకత్వం ఎలాంటిదో తేలిపోతుంది. ఓనరు అక్కడ లేకపోయినా తేలిపోతుంది.

వాడి ముందు దారులు మూడు. ముక్క పట్టుకొచ్చి ఓనరుకి చూపించడం ఒకటి. ఎవరూ చూడకుండా ఇనప రజను కుప్పలోకి తోసెయ్యడం రెండోది. లాట్ మధ్యలో పెట్టి కస్టమర్‌కి పంపించెయ్యడం మూడోది. ఆ మూడోదాని ఫలితం మీకు చెప్పక్కర్లేదు. ఒక్క ముక్క కోసం లాట్ మొత్తం తిరిగొస్తుంది, దాంతోపాటు ఓనరు ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరూ పోతుంది.

మొదటి దారి పట్టాడనుకుందాం. వెంటనే చెబితే స్పార్క్ మిషన్ ఉన్నచోటికి పంపించి లోపలి ముక్కని కరిగించి తీయించవచ్చు. బ్లాకు దక్కే అవకాశం ఉంది. అసలు లాభం అది కూడా కాదు. ఎం6 ట్యాపుకి ముందు 5 మిల్లీమీటర్ల డ్రిల్ వెయ్యాలి. ఓనరు కేకలు వెయ్యకుండా, "ఏ డ్రిల్ వేశావు, పట్టుకురా" అన్నాడనుకోండి. తెచ్చి వెర్నియర్ పెట్టి చూస్తే 4.8 ఉంటుంది. డ్రిల్ కాడ మీది అంకె అరిగిపోయింది, ఎవరో డబ్బాలో ఒకదాని చోట ఇంకోటి పెట్టారు. కన్నం ఇరుకైతే ట్యాపు బిగుసుకుని విరగక ఏం చేస్తుంది? లేదా డ్రిల్ సరిగ్గానే ఉండి ట్యాపు మొద్దుబారి ఉండవచ్చు, ఆయిల్ వెయ్యడం మరిచిపోయి ఉండవచ్చు, ట్యాపు నిటారుగా దిగకపోయి ఉండవచ్చు. ఏదైనా సరే, అది అడిగితేనే బయటపడుతుంది. బయటపడితే మిగతా నలభై బ్లాకులు దక్కుతాయి. తిట్టి పంపిస్తే ఆ డబ్బాలో 4.8 డ్రిల్ అలాగే ఉంటుంది, రేపు ఇంకొకడి చేతిలో ఇంకో ట్యాపు విరుగుతుంది. వాడు నిన్నటి తిట్లు విన్నాడు కాబట్టి రజను కుప్ప దారి పడతాడు.

షెడ్డులో నాయకత్వానికి నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే. చెడిపోయిన ముక్క ఓనరు బల్ల మీదికి ఎంత తొందరగా వస్తోంది? అది రావడం ఆగిపోయిన షెడ్డు బయటికి ఎంత క్రమశిక్షణగా కనబడినా నేను నమ్మను.

ఈ సంగతి మీద పాత పరిశోధన ఒకటుంది. 1930ల చివర అమెరికాలో అయోవాలో కర్ట్ లెవిన్, లిపిట్, వైట్ అనే ముగ్గురు పదేళ్ల వయసు మగపిల్లల క్లబ్బుల్ని తీసుకుని, వాళ్ల చేత నాటకాల మాస్కులూ అలాంటి వస్తువులూ చేయించారు. ఒక పెద్దాయన ప్రతిదీ ఆజ్ఞాపిస్తాడు. ఇంకొకాయన పిల్లలతో కూర్చుని మాట్లాడి నిర్ణయిస్తాడు. మూడో ఆయన సామాన్లు ఇచ్చి మీ ఇష్టం అని వదిలేస్తాడు. ఆజ్ఞాపించే ఆయన గదిలో ఉన్నంతసేపూ పని జోరుగా సాగింది. ఆయన బయటికెళ్లగానే పడిపోయింది. కలిసి నిర్ణయించే చోట ఆయన ఉన్నా లేకపోయినా పని దాదాపు ఒకేలా నడిచింది. వదిలేసిన చోట పని తక్కువ, గందరగోళం ఎక్కువ. 1939లో అచ్చయిన ఆ పరిశోధన నుంచే ఇప్పటికీ కాలేజీల్లో నాయకత్వ పద్ధతులు మూడు అని చెబుతుంటారు. పిల్లలు వేరు, జీతానికి పనిచేసే పెద్దవాళ్లు వేరు, ఒప్పుకుంటాను. అయినా చిన్న షెడ్డు ఓనరుకి అందులో పట్టుకోవలసిన ముక్క ఉంది. అతను గదిలో ఉండడు. స్టీలు కొనడానికి వెళ్లాలి, పేమెంటు కోసం కస్టమర్ ఆఫీసు బయట కూర్చోవాలి, బ్యాంకుకి వెళ్లాలి, హీట్ ట్రీట్‌మెంట్‌కి పంపిన సరుకు తెచ్చుకోవాలి. రోజులో సగం బయటే. తను ఉంటేనే నడిచే షెడ్డుని కట్టుకున్నవాడు ఆ సగం రోజు పోగొట్టుకుంటాడు.

మరి అందరితో కూర్చుని మాట్లాడి నిర్ణయించే పద్ధతే మంచిదా అంటే, నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. పాట్నాలో పనిచేసిన జె.బి.పి. సిన్హా అనే మన దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద చాలా కాలం ఆలోచించి 1980లో పుస్తకం రాశారు. మన దగ్గర కింద పనిచేసేవాడు పైవాడి నుంచి ఆప్యాయత కోరతాడు, దారి చూపమంటాడు, ఒక పెద్ద దిక్కు కావాలనుకుంటాడు అని ఆయన గమనించారు. అలాంటివాడికి మొదటి రోజే "నువ్వే నిర్ణయించుకో" అంటే అతను దాన్ని స్వేచ్ఛగా తీసుకోడు, ఓనరుకి పని తెలియదనుకుంటాడు. కాబట్టి పని విషయంలో గట్టిగా ఉండాలి, మనిషి మంచిచెడ్డలు మాత్రం మనసారా చూడాలి, వాడు పని పట్టుకుంటున్నకొద్దీ నిర్ణయాల్లో చోటు పెంచుతూ పోవాలి అన్నది ఆయన సిద్ధాంతం. ప్రేమ ఉచితంగా రాదు, పని బాగా చేస్తే వస్తుంది అన్నదీ అందులో భాగమే. మన ఆటోనగర్ మేస్త్రీలు పుస్తకాలు చదవకుండానే ఈ పద్ధతిలో శిష్యుల్ని తయారుచేశారు. కాకపోతే చాలామంది చివరి మెట్టు ఎక్కలేదు. శిష్యుడికి నలభై ఏళ్లొచ్చినా "ఒరేయ్" దగ్గరే ఆగిపోయారు.

మనిషిని బట్టి మారాలన్న మాట 1969లో హెర్సీ, బ్లాంచర్డ్ కూడా చెప్పారు. కొత్తవాడికి చెప్పి చేయించు, కొంచెం తెలిసినవాడికి వివరించు, బాగా తెలిసినవాణ్ని సంప్రదించు, ఆరితేరినవాడికి అప్పగించు. వినడానికి బాగుంది. షెడ్డులో ఎలా ఉంటుందో చూద్దాం.

సీఎన్‌సీ మిషన్ మీద షాఫ్టులు తీస్తున్నారు. ఇరవై మైక్రాన్ల తేడా దాటకూడదు. మన కుర్రాడు ఓనరయ్యాక కూడా ప్రతి ముక్కనీ మైక్రోమీటర్ పెట్టి చూస్తూ మిషన్ పక్కనే నిలబడతాడు. ఆపరేటర్ పేరుకే ఆపరేటర్, బటన్ నొక్కుతుంటాడు. కొలత తప్పితే "ఓనరు చూశాడుగా" అంటాడు. అలా కాకుండా, ఫస్ట్ పీసు ఓనరు చూసి సంతకం పెట్టాలి. అక్కడినుంచి పదో ముక్క, ఇరవయ్యో ముక్క ఆపరేటరే కొలిచి కాగితం మీద రాయాలి. అంకె మెల్లగా ఒకవైపు జరుగుతుంటే లోహాన్ని కోసే ఇన్సర్ట్ అరుగుతోందని అర్థం. ఎప్పుడు మార్చాలో తేల్చే అధికారం ఆపరేటర్‌ది. "ఇంకో యాభై ముక్కలు వచ్చేవిగా, అప్పుడే మార్చావేం" అని ఓనరు ఒక్కసారి అన్నాడంటే ఆ అధికారం అక్కడితో సరి. ఇన్సర్ట్ ధర మిగులుతుంది, మనిషి పోతాడు. చెయ్యి తిరిగినవాడికి చెయ్యి కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో నేను కళ్లారా చూశాను. తను చేస్తే పది నిమిషాల్లో అయ్యే పని ఇంకొకడు అరగంట చేస్తుంటే వేళ్లు జివ్వుమంటాయి. ఆ అరగంట భరించినవాడే రెండో మిషన్ కొనగలడు. భరించలేనివాడు పనిమంతుడిగానే మిగిలిపోతాడు, పైగా అప్పున్న పనిమంతుడిగా.

పెద్ద మేస్త్రీ సంగతి వేరు. చాలా షెడ్లలో ఓనరుకన్నా పదిహేను, ఇరవై ఏళ్లు పెద్దవాడు ఒకడుంటాడు. ఒక్కోసారి కుర్రాడికి పని నేర్పినవాడే. హైదరాబాద్ వైపు ఉస్తాద్ అంటారు, విజయవాడలో మేస్త్రీ గారు. సీఎన్‌సీ ప్రోగ్రాం ఆయనకి రాదు. కానీ మిషన్ చప్పుడు విని టూలు అరిగిందో లేదో పక్క గదిలోంచి చెబుతాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అనిపించుకోవాలని కుర్ర ఓనరుకి ఉబలాటంగా ఉంటుంది, అదీ నలుగురి ముందు. అలా చేసిన రోజు నుంచి ఆ పెద్దాయన చప్పుళ్ల గురించి చెప్పడం మానేస్తాడు. పని మానడు, మాట మానేస్తాడు. కొత్త డ్రాయింగ్ వచ్చినప్పుడు ముందు ఆయన దగ్గరికి తీసుకెళ్లి, "ఎక్కడ పట్టుకుంటే బాగుంటుంది మేస్త్రీ గారూ?" అని అడగండి. ముక్కని ఎలా బిగించాలన్నది సగం పని. అది ఆయనకన్నా బాగా ఎవరికీ తెలియదు. కొత్త పిల్లల్ని ఆయనకే అప్పగించండి. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. నలుగురు పనివాళ్లున్న చిన్న యూనిట్ కూడా ఇష్టపడితే దాని కింద అప్రెంటిస్‌ని పెట్టుకోవచ్చు. ఎన్‌ఏపీఎస్ పథకంలో స్టైపెండులో నాలుగో వంతు, నెలకి 1,500 దాకా, కేంద్రం భరిస్తుంది. ఆ పెద్దాయన విద్య ఆయనతోనే వెళ్లిపోకుండా ఉండటానికి ఇంతకన్నా చౌక దారి లేదు.

ఇక బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చి పనిచేసే కుర్రాళ్లు. హైదరాబాద్ చుట్టుపక్కల షెడ్లలో వీళ్లు లేనిదే గడవదు. విరిగిన ట్యాపు సంగతి చెప్పడం అందరికన్నా కష్టమైంది వీళ్లకే. భాష రాదు, ఊరు తెలియదు, తీసుకున్న అడ్వాన్సు తీరలేదు, పొమ్మంటే పడుకోవడానికి చోటు కూడా ఆ షెడ్డు వెనక గదే. అంత భయంలో ఉన్నవాడు నిజం చెప్పాలంటే ఓనరు నాలుగడుగులు ముందుకెయ్యాలి. జాగ్రత్తల బోర్డు హిందీలో కూడా రాయించడం, డ్రాయింగ్ అర్థమైందా అని అడిగి ఊరుకోకుండా వాడి చేతే చెప్పించుకోవడం, పండక్కి ఊరెళ్లే రైలు టికెట్ సంగతి ముందే కనుక్కోవడం. వీటికి పెద్దగా ఖర్చు కాదు.

ఇదంతా చదివి షెడ్డులో గట్టిగా మాట్లాడే చోటే లేదనుకోకండి. ఉంది, ప్రమాదాల దగ్గర ఉంది. చక్ కీ చక్‌లో వదిలి లేత్ స్టార్ట్ చెయ్యకూడదు. ఐటీఐలో మొదట నేర్పే పాఠాల్లో అదొకటి. వదిలితే అది ఎగిరి వచ్చి ఎక్కడ తగులుతుందో దేవుడికే తెలుసు. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోకూడదు, గుడ్డ చుట్టుకుంటే చెయ్యి లాగేస్తుంది. పవర్ ప్రెస్‌కి గార్డు తీసేసి పని చెయ్యకూడదు, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్ దిగాలి. డెలివరీ ఆలస్యమవుతోందని ఒక బటన్‌ని టేపుతో అంటించేసి ఇంకో చేత్తో ముక్కలు అందించే షెడ్లున్నాయి. వేళ్లు తెగిన చేతులు చూడాలంటే ప్రెస్ షాపులున్న ఏ పారిశ్రామికవాడలో టీ కొట్టు దగ్గర నిలబడినా చాలు. ఇక్కడ చర్చ లేదు, సంప్రదింపులు లేవు. ఓనరు ఆజ్ఞే. తనకీ అదే ఆజ్ఞ వర్తించాలి. కస్టమర్ ఎదురుగా నిలబడి తొందరపెడుతున్నప్పుడు కూడా గార్డు తియ్యని ఓనరు మాట మిగతా విషయాల్లోనూ చెల్లుతుంది.

ఇంకో కోణం. చెడు వార్త కింది నుంచి పైకి రావాలంటే, పై నుంచి కిందికి కూడా వెళ్లాలి. కస్టమర్ డబ్బు ఆపేశాడు, ఈ నెల జీతాలకి ఇబ్బంది. మన కుర్రాడు ఏం చేస్తాడు? పరువు పోతుందని ఫోన్ స్విచ్చాఫ్ చేసి రెండు రోజులు షెడ్డుకి రాడు. జీతాలు ఏడో తేదీలోపు ఇవ్వాలన్నది చట్టం. అంతకన్నా ముఖ్యం, ఏడో తేదీన ఆరిళ్లలో అద్దె కట్టాలి. ఒకటో తేదీనే అందర్నీ పిలిచి, "ఫలానా బిల్లు రాలేదు, సగం ఇప్పుడిస్తాను, మిగతాది ఫలానా రోజు" అని చెప్పి, ఆ రోజుకి ఇచ్చినవాణ్ని పనివాళ్లు వదిలిపోరు. వదిలిపోయేది మాట దాచినవాణ్ని.

ఆ ఆగిపోయిన బిల్లు గురించి కూడా ఓనరుకి తెలిసి ఉండాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి చిన్న యూనిట్ డబ్బు ఆపకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. పైగా 2024 ఏప్రిల్ నుంచి, గడువులోపు కట్టని బిల్లుని కొనుగోలుదారు కట్టేదాకా తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేడు. ఉన్న ఒక్క పెద్ద కస్టమర్ మీద ఫిర్యాదు పెట్టడం చిన్న ఓనరుకి మామూలు ధైర్యం కాదు, నాకు తెలుసు. కానీ ఆ చట్టం పేరెత్తి మర్యాదగా ఉత్తరం రాయడానికి ఏ ధైర్యమూ అక్కర్లేదు. ఆరు కుటుంబాల బియ్యం డబ్బులు ఎవరి దగ్గరో ఇరుక్కున్నప్పుడు నోరు తెరిచి అడగడం నాయకుడి పనే.

ఈఎస్ఐ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పదిమంది చేరితే ఆ చట్టం వర్తిస్తుందని తొమ్మిదిమంది దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు, పదో మనిషిని రిజిస్టర్‌లో రాయకుండా దాచేవాళ్లూ ఉన్నారు. పనివాళ్లకి అది తెలుస్తుంది. ఓనరు రిజిస్టర్‌లో మనిషిని దాస్తే, వాళ్లు రజను కుప్పలో ముక్కని దాస్తారు. దీన్ని నేను ఇంత కటువుగా చెప్పడానికి కారణం, ఆ పదో మనిషికి చెయ్యి తెగితే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారన్న ప్రశ్నకి ఆ షెడ్లలో జవాబు లేకపోవడమే.

షెడ్డు నడుపుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. అవును, చెల్లెళ్లకి కూడా. ఐటీఐల్లో అమ్మాయిలు ఇంకా తక్కువే గానీ, వచ్చినవాళ్లు నిలబడుతున్నారు. రేపు పొద్దున షెడ్డు తెరిచాక బల్ల మీద ఒక ట్రే పెట్టండి, ఎర్ర రంగు వేసి. చెడిపోయిన ముక్కలన్నీ అందులోకే రావాలని చెప్పండి. మొదటి నెల ఆ ట్రేలోకి వచ్చిన ముక్క గురించి ఎవర్నీ ఒక్క మాట అనకండి. ఏ డ్రిల్, ఏ స్పీడు, ఏ ఇన్సర్ట్, ఎవరు బిగించారు అని మాత్రం అడిగి రాసుకోండి. ట్రే ఖాళీగా ఉంటే సంబరపడకండి, రజను కుప్పని ఒకసారి కదిపి చూడండి.

ఐటీఐ ప్రిన్సిపాళ్లకీ ఒక మనవి ఉంది. మీ చివరి ఏడాది పిల్లల దగ్గరికి నెలకోసారి దగ్గర్లోని షెడ్డు ఓనర్ని ఒకర్ని పిలిపించండి. విజయగాథలు వద్దు. నీ దగ్గర మొదటి పనివాడు ఎందుకు మానేశాడు, మొదటి లాట్ ఎందుకు తిరిగొచ్చింది, జీతాలివ్వలేని నెల ఎలా గడిపావు అని పిల్లల చేతే అడిగించండి. మీరు పిలిస్తే వాళ్లు తప్పకుండా వస్తారు. వాళ్లలో చాలామంది మీ బడిలో చదువుకున్నవాళ్లే.